ఇంటివాళ్ల విశ్వాసం కోసం ప్రార్థన: ఎవరి కోసం ఏమి అడగాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో కతోలిక కుటుంబం అనగానే ఇల్లంతా కలిసి ఆదివారం పూజకు (మాస్‌కు) పోతుందని అనుకోవడానికి లేదు. తల్లి జపమాల చెబుతుంది. తండ్రి అమావాస్యకు చెర్వుగట్టు పోతాడు. పెద్దకొడుకు పెళ్లయ్యాక భార్యతో పాటు ఊళ్లోని ప్రార్థన మందిరానికి మారాడు, పాస్టరుగారి దగ్గర మళ్లీ బాప్తీస్మం తీసుకున్నాడు. చిన్నకొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఏ గుడికీ పోడు. రాత్రి పడుకునేముందు ఆ తల్లి ముగ్గురి కోసం చేసే ప్రార్థన మాత్రం ఒకటే: "దేవా, మావోళ్లందర్ని నీ తొవ్వల పెట్టు."

ఆ ప్రార్థనలో ప్రేమకు లోటు లేదు. కానీ ముగ్గురూ మూడు వేర్వేరు చోట్ల ఉన్నారు. తండ్రికి జ్ఞానస్నానమే (బాప్తీస్మమే) లేదు. పెద్దకొడుక్కి జ్ఞానస్నానం ఉంది, శ్రీసభతో (కతోలిక చర్చితో) ఐక్యత తెగింది. చిన్నకొడుకు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) దాకా అన్నీ పొందినవాడే, తిరిగి రావాలంతే. ఎవరికేం కావాలో తేల్చుకోకపోతే, ప్రార్థన కొన్నాళ్లకు "నువ్వెందుకు రావు?" అనే నిలదీతగా మారిపోతుంది. చాలా ఇళ్లలో జరిగేది అదే.

ముందు తేల్చుకోవలసిన సంగతి

విశ్వాసం దేవుడిచ్చే వరం. "నన్ను పంపిన తండ్రి ఆకర్షిస్తే తప్ప ఎవడూ నా వద్దకు రాలేడు" అని క్రీస్తే చెప్పాడు (యోహాను 6:44). అదే సమయంలో అది మనిషి స్వేచ్ఛగా ఇచ్చే జవాబు కూడా. మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరినీ కతోలిక విశ్వాసంలోకి బలవంతంగా తేరాదని శ్రీసభ చట్టం 748వ అధికరణం చెబుతుంది. 1965లో రెండవ వాటికన్ మహాసభ మత స్వేచ్ఛ గురించి వెలువరించిన ప్రకటన సారం కూడా ఇదే. అంటే మన ప్రార్థన దేవుణ్ణి అడగడం, ఆ మనిషిని లాగడం కాదు. ఈ తేడా మనసులో నిలిస్తే మిగతా చిక్కుల్లో సగం విడిపోతాయి.

ఇంటివాళ్లు నమ్మకపోవడం మన ప్రార్థన బలహీనతకు గుర్తని కుంగిపోయేవాళ్లు సువార్తను మరోసారి చూడాలి. యేసు బంధువులు ఆయనకు మతి తప్పిందనుకుని పట్టుకుపోవడానికి వచ్చారు (మార్కు 3:21). ఆయన సోదరులు సైతం ఆయనను విశ్వసించలేదు (యోహాను 7:5). అదే సోదరులు ఉత్థానం తర్వాత మరియ తల్లితో, అపొస్తలులతో కలిసి పైగదిలో ప్రార్థిస్తూ కనిపిస్తారు (అపొస్తలుల కార్యములు 1:14). ప్రభువు ఆరోహణానికీ పెంతెకోస్తుకూ మధ్య సాగిన ఆ ప్రార్థన నుంచే మన తొమ్మిది రోజుల నవదిన జపాలు వచ్చాయి. ఇంటివాళ్ల కోసం నవదిన జపాలు మొదలుపెట్టేవాళ్లు ఆ గదిలో ఒకప్పుడు నమ్మని బంధువులు కూడా కూర్చున్నారని గుర్తుంచుకుంటే చాలా ధైర్యం వస్తుంది.

ఎలా అడగాలో శ్రీసభ తన ఆరాధనలోనే చూపించింది. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు పది మహా ప్రార్థనలు చేస్తాం. అందులో జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్లకు ఒకటి, క్రైస్తవుల ఐక్యతకు ఒకటి, యూదులకు ఒకటి, క్రీస్తును విశ్వసించనివాళ్లకు ఒకటి, దేవుణ్ణే నమ్మనివాళ్లకు ఒకటి వేర్వేరుగా ఉన్నాయి. అందరినీ ఒకే మాటలో చుట్టేయలేదు. క్రీస్తును విశ్వసించనివాళ్ల కోసం చేసే ప్రార్థనలో రెండు భాగాలున్నాయి. వాళ్లు నిష్కపట హృదయంతో నడిచి సత్యాన్ని కనుగొనాలని మొదట అడుగుతాం. మనం పరస్పర ప్రేమలో ఎదిగి దేవుని ప్రేమకు మెరుగైన సాక్షులం కావాలని తర్వాత అడుగుతాం. ఇంట్లో చేసుకునే ప్రార్థనకు ఇంతకంటే మంచి నమూనా లేదు: సగం వాళ్ల కోసం, సగం మన కోసం.

జ్ఞానస్నానం లేని భర్త, అత్తమామలు

మన దగ్గర అన్నింటికంటే ఎక్కువగా కనిపించే పరిస్థితి ఇది, అన్నింటికంటే తప్పుగా అర్థమయ్యేదీ ఇదే. కాబట్టి ప్రార్థన సంగతికి ముందు పెళ్లి సంగతి చూడాలి.

కతోలికులకు, జ్ఞానస్నానం లేనివారికి మధ్య వివాహం చెల్లాలంటే మేత్రాణుల (బిషప్) నుంచి మినహాయింపు ఉండాలి (శ్రీసభ చట్టం 1086వ అధికరణం; కింద బ్రాకెట్లలో వచ్చే ఇలాంటి సంఖ్యలూ ఈ చట్టానివే). దానికోసం కతోలికులైనవారు రెండు సంగతులు చెప్పాలి. తన విశ్వాసానికి ముప్పు రాకుండా చూసుకుంటానని ఒకటి. పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించి కతోలిక విశ్వాసంలో పెంచడానికి చేతనైనంతా చేస్తానని రెండోది. రెండోవారు ఏ మాటా ఇవ్వక్కర్లేదు. తన జీవిత భాగస్వామి ఏ మాట ఇచ్చారో తెలిసి ఉంటే చాలు (1125). ఆయన మతం మారాలన్న షరతు ఇందులో ఎక్కడా లేదు.

ఫంక్షన్ హాల్లోనో, గుట్ట మీదనో, రిజిస్ట్రార్ ఆఫీసులోనో పెళ్లి చేసుకున్న అమ్మాయిలు చాలామంది ఏళ్ల తరబడి దివ్యసత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పానికి) దూరంగా ఉంటారు. "ఈయన మారినంక గుళ్ల పెళ్లి చేసుకుంట, అప్పుడు సత్ప్రసాదం తీసుకుంట" అనుకుంటారు. ఆ ఎదురుచూపు అవసరం లేదు. ఆయనకు అంతకుముందు వేరే పెళ్లి లేకపోతే, మినహాయింపు తీసుకుని, ఇద్దరు సాక్షుల ముందు గురువు (ఫాదర్) సమక్షంలో సమ్మతి తెలిపి వివాహాన్ని సరిచేసుకోవచ్చు. సాధారణంగా ఈమధ్య తీసిన జ్ఞానస్నాన ధ్రువపత్రం, పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతారు. భర్త గుడికి రానంటే దారి మూసుకుపోయినట్టు కాదు. ఇద్దరి సమ్మతి నిలిచి ఉంటే, మళ్లీ ప్రమాణం చేయించకుండానే వివాహాన్ని మూలం నుంచి చెల్లుబాటు చేసే అధికారం మేత్రాణులకు ఉంది (1161, 1165). విచారణ (పారిష్) గురువుతో ఒకసారి మాట్లాడితే ఏ దారి కుదురుతుందో తేలుతుంది. భర్త విశ్వాసం కోసం జపమాల పట్టే చెయ్యి ముందు పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి), సత్ప్రసాదానికి తిరిగి రావాలి. ఈ వరస తప్పినందుకే చాలామంది ఆకలి కడుపుతో బరువు మోస్తున్నారు.

ఇక ప్రార్థన. నమ్మని భర్త గురించి పేతురుగారి సలహా సూటిగా ఉంటుంది: భార్య నడవడిని చూసి, మాట కూడా లేకుండానే అతడు మారే అవకాశం ఉంది (1 పేతురు 3:1-2). పౌలుగారు కూడా నమ్మని భర్తను విడిచిపెట్టవద్దనే చెప్పాడు, అతడు కాపురానికి ఇష్టపడినంతకాలం (1 కొరింతీయులు 7:13). ఫ్రాన్స్‌లో ఎలిజబెత్ లెసర్ (1866–1914) జీవితం దీనికి నిదర్శనం. ఆమె భర్త ఫెలిక్స్ వైద్యుడు, నాస్తికుడు. ఆమె వాదించడం మానేసి తన జబ్బునూ బాధనూ అతని కోసం దేవునికి అర్పించింది. ఆమె పోయాక ఆమె రాసుకున్న పుస్తకం చదివి అతడు మారాడు, 1923లో డొమినికన్ సభలో గురువయ్యాడు. ఆమె కళ్లారా చూడలేదు.

రోజువారీగా ఇలా చేయొచ్చు. మొదట ఆయన పేరు చెప్పి, ఆ రోజు ఆయనలో కనిపించిన ఒక మంచికి దేవునికి కృతజ్ఞత చెప్పాలి. బిడ్డను బడి దగ్గర దింపాడు, అమ్మకు మందులు తెచ్చాడు, ఏదైనా సరే. తర్వాత ఆయన అవసరం ఒకటి అడగాలి: ఫైనాన్స్ వాళ్ల కిస్తీ, నడుం నొప్పి, ఎండిపోతున్న బోరు. అప్పుడే విశ్వాసం కోసం అడగాలి. చివర తన నోటి దురుసు గురించో, మొండితనం గురించో ఒక మాట. దీనికి పది నిమిషాలు పట్టదు. కృతజ్ఞత ముందు ఎందుకంటే, ఆయన తప్పులతో మొదలైన ప్రార్థన ఫిర్యాదుగానే ముగుస్తుంది, మర్నాడు పొద్దున ముఖంలో కనిపిస్తుంది.

పూర్తి జపమాలకు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఇంట్లో అందరూ అన్నం తినే వేళ, ఆయన వార్తలు చూసే వేళ గొంతెత్తి చెబితే అది ప్రార్థన కంటే పోటీగా వినిపిస్తుంది. ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం: ఒక దేవరహస్యం నాలుగైదు నిమిషాల్లో అవుతుంది. వంట చేస్తూ, బస్సులో, చేనుకు పోతూ చెప్పుకోవచ్చు. అత్తగారి దేవునర్రలో అడగకుండా సిలువ పెట్టడం, మంచం కింద తీర్థజలం చల్లడం, దిండు కింద స్వరూపం దాచడం మంచిది కాదు. దొరికినరోజు అది మంత్రంలాగే కనిపిస్తుంది, నమ్మకం పోతుంది.

పండుగల దగ్గర గీత స్పష్టంగా ఉండాలి. బంధువులను పిలవడం, వండి పెట్టడం, పెద్దలకు నమస్కరించడం ఇంటి మర్యాద. విగ్రహానికి పూజ చేయడం ఆరాధన, అది కతోలికులు చేయరు. దీన్ని పండుగనాడు గడపలో కాకుండా, ముందే నెమ్మదిగా చెప్పుకుంటే గొడవ ఉండదు.

పిల్లల విషయం క్లుప్తంగా. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వాలంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలి, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశకు ఆధారం ఉండాలి (868). అమ్మమ్మ ఇద్దరికీ తెలియకుండా బిడ్డను ఎత్తుకుపోవడం కుదరదు. ఏడేళ్లు దాటితే బిడ్డ ఇష్టం, ఉపదేశం కూడా కావాలి.

నమ్ముతూనే జ్ఞానస్నానం తీసుకోనివాళ్లు

పూజకు వస్తారు, పాటలు పాడతారు, గుణదల తిరునాళ్లకు ఫిబ్రవరిలో బస్సెక్కుతారు. జ్ఞానస్నానం మాట రాగానే ఆగిపోతారు. కారణం చాలాసార్లు కాగితం. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. ఎస్సీ కుటుంబంలోంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. అంటే రిజర్వేషన్లలో 15 శాతం వాటా నుంచి 1 శాతం వాటాకు. బిడ్డ ఇంజనీరింగ్ సీటు, కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగం ఆ తేడా మీద ఆధారపడిన ఇంట్లో తండ్రి వెనకాడితే, అతనికి విశ్వాసం లేదనడం అన్యాయం. దేవరకొండ, కల్వకుర్తి వైపు తండాల్లో ఈ చిక్కు ఉండదు, ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. ఈ తేడా తెలియక లంబాడా కుటుంబాలు కూడా భయపడుతుంటాయి.

ఇలాంటివాళ్ల కోసం ఏమి అడగాలి? నిజాయితీగా, భయం లేకుండా నిర్ణయించుకునే బలం. ఆ నిర్ణయం వాళ్లది. కాగితంలో ఒకటి రాసి గుడిలో ఒకటి చేయమని మనం సలహా ఇవ్వరాదు, తొందరపెట్టనూ రాదు. ఈలోగా చేయదగినది ఉంది: ఉపదేశం మొదలుపెట్టడం. జ్ఞానస్నానానికి సిద్ధపడే దశలోకి శ్రీసభ స్వీకరించినవారిని తనవాళ్లుగానే చూస్తుంది (206). జ్ఞానస్నానానికి ముందే చనిపోతే శ్రీసభ రీతిలో అంత్యక్రియలకు వారికి అర్హత ఉంది (1183).

ఒక్క జాగ్రత్త. పూజలో అందరితో పాటు వరసలో వచ్చేవాళ్లకు సత్ప్రసాదం గురించి ముందే ప్రేమగా చెప్పాలి. చేతులు ఛాతీ మీద మడిచి వస్తే గురువు ఆశీర్వదిస్తారు. గుడి మధ్యలో ఆపితే అవమానం మిగులుతుంది.

వేరే సంఘాలకు పోయినవాళ్లు, ఎక్కడికీ పోనివాళ్లు

వేరే క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగిన కోడలికి నీటితో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున బాప్తీస్మం జరిగి ఉంటే అది చెల్లుతుంది. కతోలికురాలు కావాలనుకుంటే మళ్లీ జ్ఞానస్నానం ఉండదు. విశ్వాస ప్రకటన, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం ఉంటాయి. చెరువులో ముంచారా, తలపై పోశారా అన్నది సమస్య కాదు, పలికిన మాటలు ముఖ్యం. "యేసు నామమున" అని మాత్రమే పలికే సంఘాలున్నాయి కాబట్టి గురువు ఆ వివరం అడుగుతారు. కతోలికుడిగా పుట్టి బయట రెండోసారి మునిగినవాడికి మొదటి జ్ఞానస్నానం చెరిగిపోదు. అతడు తిరిగి వస్తే గురువుతో మాట్లాడి పాపసంకీర్తనం చేసుకుంటాడు.

ఇలాంటి ఇంట్లో "ఆ పాస్టరు దగ్గర్నుంచి విడిపించు" అని ప్రార్థించడం కంటే ఐక్యత కోసం ప్రార్థించడం సరైనది. ఏటా జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం అందుకే ఉంది. కలిసి ప్రార్థించేటప్పుడు మరియ తల్లి గురించిన వాదనతో మొదలుపెట్టకుండా కీర్తనలు, పరలోక జపం ఎంచుకుంటే అందరూ కూర్చుంటారు.

ఎక్కడికీ పోని కొడుకు విషయంలో మాత్రం ప్రార్థనకు ముందు ఒక ప్రశ్న: ఎందుకు మానేశాడు? ఆదివారం షిఫ్టు అయితే శనివారం సాయంత్రం పూజ ఎక్కడుందో వెతికిపెట్టొచ్చు, అది ఆదివారపు బాధ్యతకు సరిపోతుంది. గుడిలో కులం పేరుతో జరిగిన అవమానమో, పెళ్లి కాగితం కోసం తిప్పించుకోవడమో కారణమైతే అది న్యాయమైన గాయం. దాన్ని వినకుండా "ప్రార్థన చేస్తున్నా నీ కోసం" అనడం పుండు మీద కారమే. మొదట తప్పు తప్పే అని ఒప్పుకోవాలి. అప్పుడు అతడి కోసం చేసే ప్రార్థన అతడి పక్షాన నిలబడుతుంది.

పూజ చేయించడం, ఉపవాసం

బతికున్నవాళ్ల కోసమైనా, చనిపోయినవాళ్ల కోసమైనా గురువు పూజ అర్పించవచ్చు (901). జ్ఞానస్నానం లేదని అడ్డేమీ లేదు. పూజ కానుక ఇచ్చుకోలేని పేదల కోసం కూడా అర్పించాలని శ్రీసభ గురువులకు గట్టిగా చెబుతుంది (945), కాబట్టి డబ్బుల్లేవని ఆగకూడదు. అయితే పేరు చదివించే విషయంలో ఆలోచించాలి. "ఫలానాయన మారుమనస్సు కోసం" అని ఊరి గుడిలో చదివితే సాయంత్రానికి అది ఆయన చెవిన పడుతుంది, ఆ అవమానం ఏళ్లపాటు అడ్డుగోడ అవుతుంది. "ఒక ప్రత్యేక ఉద్దేశం కోసం" అంటే చాలు. విశ్వాసుల ప్రార్థనల్లోనూ ఇంతే.

శుక్రవారం ఉపవాసం వాళ్ల కోసం అర్పించవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు, బాలింతలు, చేనులో పనిచేసేవాళ్లు పూట మానకుండా చాయ్, టీవీ సీరియల్, ఫోన్ లాంటిది ఒకటి వదులుకోవచ్చు. నీరసంతో ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటే ఉపవాసం ఎవరి కోసమో వాళ్లకే భారమవుతుంది. "తొమ్మిది మందికి పంపితే మీ కోరిక తీరుతుంది" అని వాట్సాప్‌లో తిరిగే జపాలను పట్టించుకోకండి. లెక్క తప్పితే ఫలించదనుకోవడం మూఢనమ్మకం.

ఏళ్లు గడిచినా మార్పు లేకపోతే

ఇక్కడ పునీత మోనికమ్మను తలచుకోకుండా ముందుకు పోలేం. నేటి అల్జీరియాలోని తగస్తే ఆమె ఊరు. భర్త పత్రిసియుసు అన్యుడు, కోపిష్ఠి. అతడు కోపంలో ఉన్నప్పుడు ఎదురు చెప్పేది కాదు, చల్లారాక తన మాట చెప్పేది. అతడు జీవితం చివర్లో జ్ఞానస్నానం పొందాడు. కొడుకు అగస్టీను మనిక్కయ మతంలో (వెలుగు, చీకటి అనే రెండు శక్తులను నమ్మే ఆనాటి మతంలో) చేరినప్పుడు మాత్రం మొదట ఆమె అతనితో ఒకే బల్ల దగ్గర తినడానికి ఒప్పుకోలేదు. తర్వాత, తానున్నచోటే కొడుకూ ఉంటాడన్న కల వచ్చి మళ్లీ ఇంట్లోకి రానిచ్చింది, కలిసి తింది. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్ల దాకా ఆగవలసి వచ్చింది. కొడుకుతో వాదించమని ఒక మేత్రాణులను బతిమాలితే, ఆయన ఒప్పుకోలేదు. వాడిప్పుడు వినడు, వదిలెయ్యి, ప్రార్థన మాత్రం చెయ్యి అన్నారు. ఆయన చిన్నప్పుడు అదే మతంలో పెరిగి, ఆ గ్రంథాలు చదివే తప్పు తెలుసుకుని బయటపడినవారు.

అన్నింటికంటే ముఖ్యమైన ఘట్టం కార్తేజు రేవులో జరిగింది. కొడుకు రోముకు పోకూడదని ఆమె రాత్రంతా గుడిలో ఏడ్చి ప్రార్థించింది. అతడు అబద్ధం చెప్పి ఆ రాత్రే ఓడ ఎక్కాడు. ఆ పూట అడిగింది దొరకలేదు. కానీ ఆ ప్రయాణమే అతన్ని మిలానుకు, అంబ్రోసు మేత్రాణుల దగ్గరికి చేర్చింది. 387లో పాస్కా జాగరణలో (ఈస్టర్ రాత్రి ఆరాధనలో) ఆయన చేతులమీదుగా జ్ఞానస్నానం పొందాడు. తల్లి ఎప్పుడూ అడిగేది ఇవ్వడానికే దేవుడు ఆనాడు అడిగింది ఇవ్వలేదని అగస్టీనే తర్వాత రాశాడు. హైదరాబాద్‌కో, దుబాయ్‌కో, వేరే సంఘానికో పోయిన పిల్లల గురించి తలుపు మూసుకుపోయిందని తేల్చేముందు ఈ ఘట్టం చదవాలి. మోనికమ్మ పండుగ ఆగస్టు 27, నవదిన జపాలు 18న మొదలుపెడితే 26తో ముగుస్తాయి.

మరణం దగ్గర

మంచం పట్టిన తండ్రికి జ్ఞానస్నానం ఇప్పించాలన్న ఆరాటం సహజం. ప్రాణాపాయంలో ఉన్న పెద్దవారికి ముఖ్య సత్యాలు కొంతైనా తెలిసి ఉండాలి, ఏదో ఒక విధంగా తన ఇష్టం తెలపాలి, దేవుని ఆజ్ఞలను పాటిస్తానని మాట ఇవ్వాలి (865). తల ఊపినా, చెయ్యి నొక్కినా సరే. స్పృహ ఉన్నప్పుడు వద్దన్నవారికి, స్పృహ పోయాక రహస్యంగా నీళ్లు పోయరాదు. ఇష్టపడి, గురువు చేరే వీలు లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు: తలపై మూడుసార్లు నీళ్లు పోస్తూ "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇచ్చుచున్నాను" అనాలి. పోసేవారే పలకాలి. తర్వాత విచారణకు తెలియజేసి రిజిస్టరులో రాయించాలి.

ఏదీ కుదరక ముందే పోయినవారి కోసం ప్రార్థన ఆపక్కర్లేదు. తన తప్పు లేకుండా క్రీస్తును ఎరగక, మనస్సాక్షి చెప్పినట్టు దేవుణ్ణి వెతికినవారికి రక్షణ సాధ్యమని శ్రీసభ బోధిస్తుంది. నాలుగో దివ్యసత్ప్రసాద ప్రార్థనలో, ఎవరి విశ్వాసం దేవునికి మాత్రమే తెలుసో అలాంటి మృతులను కూడా గురువు ప్రతిసారీ తలుస్తారు. అంత్యక్రియలు కుటుంబం తన ఆచారం ప్రకారం చేసుకుంటుంది, కతోలిక బిడ్డ అక్కడ నిలబడి తనవాళ్లతో దుఃఖం పంచుకోవచ్చు. తర్వాత తనకు వీలైన రోజున, లేదా మృతుల స్మరణ దినమైన నవంబరు 2న, ఆ తండ్రి కోసం పూజ చేయించవచ్చు.